ఎనిమిది కడ్డీలు, ఒక్క చూపు

తూర్పు తలుపు. 3,207వ పూట. చూసినవి: 43

ఈ పుస్తకాన్ని రెండు పున్నములకొకసారి తలుపుల సంఘం పెద్దలు చదువుతారు. చదవండి. ఇన్నాళ్ళూ మీకు నచ్చేట్టు "ఎనిమిదీ దిగాయి, అందరూ క్షేమం" అని ఒక్క ముక్క రాసి, సంతకం గీకి ఇంటికి పోయేదాన్ని. ఈ పూట అలా రాయను. ఈ పూట నేను నా మొగుణ్ణి చంపబోయాను, మీరొచ్చి నన్ను మెచ్చుకున్నారు. రెండూ రాస్తాను.

మధ్యాహ్నం నాచు కోతకు వెళ్ళిన ఆరుగురూ తిరిగొచ్చారు. నీటి గదిలోకి దూరి బయటి తలుపు లాక్కున్నారు. ఇవతల నా గదిలో నేను చక్రం తిప్పాను. బయటి తలుపుకున్న ఎనిమిది గడియలూ పడితే నా గోడ మీద ఎనిమిది ఇనప కడ్డీలు కిందికి దిగుతాయి. ఒక్కో కడ్డీనీ చేత్తో తడిమి, దిగిందని తేల్చుకుని, అప్పుడు మోటారు మీట నొక్కాలి. మీట నొక్కితే నీటి గదిలో నీళ్ళు బయటికి పోతాయి, కోతవాళ్ళు నోట్లో గొట్టాలు తీసి మామూలుగా ఊపిరి పీలుస్తారు, పన్నెండు నిమిషాలకు లోతలుపు తెరుచుకుంటుంది. మీట నొక్కేదాకా వాళ్ళకు వీపున ఉన్న సిలిండరే దిక్కు.

తడిమాను. ఎనిమిదీ దిగాయి. మీట మీద వేలు పెట్టాను. ఆరోది నిజంగా దిగిందా, దిగిందని నేననుకున్నానా? మళ్ళీ మొదటి నుంచి తడిమాను. దిగింది. ఈసారి మూడోదాని మీద అనుమానం. ఊళ్ళో నాలుగు వందల మంది ఉన్నారు, నెత్తి మీద ఇరవై బారల సముద్రం ఉంది, ఒక్క గడియ పడకుండా నేను లోతలుపు తీస్తే అందరూ పోతారు. వేలు వెనక్కి వచ్చేసింది. అలా నలభై మూడుసార్లు చూశాను. యాభై నిమిషాలు పట్టింది.

లోతలుపు తెరిచేసరికి నా మొగుడు కొర్లయ్య గోడకు చేరగిలబడి ఉన్నాడు. చేలోంచి ఆఖరున బయల్దేరేది అతనే, అందుకని అతని సిలిండరే ముందు ఖాళీ అయింది. పక్కనున్నవాడు తన గొట్టం కాసేపు అతని నోట్లో, కాసేపు తన నోట్లో పెట్టుకుంటూ నెట్టుకొచ్చాడట. కొర్లయ్య పెదాలు నీలంగా ఉన్నాయి. తలుపు ఒక్కసారి బాదినా నాకు వినబడేది. బాదలేదు. మా లోతుపాలెంలో ఎవరూ ఏ తలుపూ తట్టరు. ఇంటికొచ్చిన చుట్టమైనా బయట నిలబడి పేరు పెట్టి పిలవాల్సిందే. పన్నెండేళ్ళ కింద పడమటి తలుపు దగ్గర ఎవరో తొందరపడి దబదబా బాదితే కాపలా మనిషి కంగారుపడి కడ్డీలు చూడకుండానే తీసేశాడు. పంతొమ్మిది మంది పోయారు. అప్పటినుంచి తలుపు తట్టడం ఈ ఊళ్ళో అన్నిటికన్నా పెద్ద నేరం. చచ్చిపోతున్నా నా మొగుడు ఆ నేరం చెయ్యలేదు.

సంఘం పెద్ద దానయ్య మావ పరిగెత్తుకొచ్చాడు. కొర్లయ్యకు గాలి పట్టించారు, కళ్ళు తెరిచాడు. అప్పుడు మావ నా వైపు తిరిగి, ఎన్నిసార్లు చూశావని అడిగి, పది మందీ వింటుండగా అన్నాడు.

"నలభై మూడుసార్లు సూసింది. తలుపు కాడ మనిషంటే ఇలాగుండాల."

కోతవాళ్ళకేమో ఇకనుంచి రెండేసి సిలిండర్లు మోసుకెళ్ళమని చెప్పాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

3,209వ పూట. చూసినవి: 51

కొర్లయ్య మంచం మీదే ఉన్నాడు. నా మీద కోప్పడతాడేమోనని చూశాను. కోప్పడితే బాగుండేది. "నువ్వేటి సేస్తావే, నీ పని నువ్వు సేసినావు" అన్నాడు. అంతకన్నా పెద్ద దెబ్బ ఈ జన్మలో తినలేదు నేను.

పెద్దలకు తెలియనిది ఒకటి చెప్తాను. మీరు నాకు మూడేళ్ళు వరసగా వెండి కడియాలు తొడిగారు, అందరికన్నా జాగ్రత్తగల మనిషినని. కడియాలు తొడిగిన ఆ చేతులే ఇంట్లో పొయ్యి మీట రోజుకు ముప్పైసార్లు తిప్పి చూస్తాయి. నీళ్ళ కుళాయి కట్టానా, గాలి బిలం మూశానా అని అన్నం మధ్యలో లేచిపోతాను. "తలుపు సరిగ్గా ఏసేనా?" అని కొర్లయ్యను అడుగుతాను. "ఏసినావు" అంటాడు. రెండు ముద్దలు తిని మళ్ళీ అడుగుతాను. మళ్ళీ "ఏసినావు" అంటాడు. పన్నెండేళ్ళ కింద, ఈ పనిలో మొదటి ఏడాది, తలుపు దగ్గర రెండుసార్లు చూసేదాన్ని. తర్వాత అయిదు, తర్వాత పన్నెండు. ప్రతి గోడ మీదా మీరు ఎర్రరంగుతో రాయించారు కదా, "అనుమానం వస్తే మళ్ళీ చూడు" అని. మళ్ళీ చూశాను. మళ్ళీ వచ్చింది. మీరు మెచ్చుకున్నారు.

ఈ పూట దిగాక ఇంటికి పోకుండా డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. పేరు మెహరున్నీసా, నంద్యాల వైపు మనిషి. వలలు దాచే కొట్టు ఒకటి ఖాళీ చేసి ఆమెకు గది ఇచ్చారు. బయట పలక మీద "చెవులు, కీళ్ళు, మనసు" అని రాసుకుంది. మూడో మాట ఎవరో గీకేస్తూ ఉంటారు. ఆమె మళ్ళీ రాసుకుంటూ ఉంటుంది. ఊరంతా చెవిపోటుకే వెళ్తారు. నేనూ చెవిపోటనే మొదలుపెట్టాను. ఆమె చెవిలోకి చూసి, నీ చెవి నా చెవి కంటే బాగుందమ్మా అంది. అప్పుడు ఏడుపొచ్చి మొత్తం చెప్పేశాను.

ఆమె కంగారుపడలేదు, జాలిపడలేదు. ఒకటే అడిగింది: నలభై మూడోసారి తడిమినప్పుడు ఆరో కడ్డీ చల్లగా ఉందా, వెచ్చగా ఉందా అని. నాకు గుర్తులేదు. మొదటిసారి? అది గుర్తుంది. చల్లగా ఉంది, కిందివైపు తుప్పు గరుగ్గా తగిలింది.

"చూస్తివా," అంది. "మొదటిసారి చూసింది నువ్వు. మిగతా నలభై రెండుసార్లు చూసింది నీ భయం. భయానికి కండ్లుండవు రత్నమ్మా. ఎన్నిసార్లు చూస్తే అంత నమ్మకం పోతాది."

ఇది జాగ్రత్త కాదు, జబ్బు అంది. చాలామందికి వచ్చేదే, దీనికి పేరుంది, దారి కూడా ఉంది, కానీ ఆ దారి సుఖంగా ఉండదు అని ముందే చెప్పింది. మందులు కూడా ఉన్నాయి, కావాలంటే తర్వాత చూద్దాం, ముందు ఈ పని చేసి చూద్దామంది. నాకు జబ్బు అన్నందుకు కోపం రావాల్సింది. రాలేదు. పన్నెండేళ్ళలో మొదటిసారి ఎవరో నన్ను మెచ్చుకోకుండా నిజం చెప్పారు.

3,214వ పూట. చూసినవి: 47

వారానికి రెండుసార్లు వెళ్తున్నాను. డాక్టరమ్మతో కలిసి ఒక వరస రాసుకున్నాం, తేలికదాని నుంచి కష్టందాకా. అన్నిటికన్నా కింద ఇంట్లో కుళాయి. దాని పైన పొయ్యి, ఆ పైన గాలి బిలం. అన్నిటికన్నా పైన ఎనిమిది కడ్డీలు. పని ఏమిటంటే, ఒక్కసారి కట్టాలి, ఒక్కసారి చూడాలి, నడిచిపోవాలి. భయం వస్తుంది. వచ్చినా వెనక్కి తిరగకూడదు. ఎంత భయమో సున్నా నుంచి నూరు దాకా ఒక అంకె వేసి రాసుకోవాలి.

ఇంతేనా అనుకున్నాను. వెటకారం చేశాను కూడా, కుళాయి కట్టడం నేర్పడానికి ఇంత చదువు చదివారా అని. ఆమె నవ్వి, పోయి కట్టేసి రా అంది.

కట్టాను. నడిచాను. వాకిలి దాటేసరికి అరవై. వీధి మలుపుకు ఎనభై. కారిపోతుంది, కిందింటి వాళ్ళ మీద పడుతుంది, తీగల్లోకి దిగుతుంది, దీపాలు ఆరిపోతాయి. గుండె దడదడలాడింది, చేతులు తడిసిపోయాయి. మలుపులో ఉన్న బల్ల మీద కూర్చుని పళ్ళు బిగబట్టాను. నాకు నేను సర్దిచెప్పుకోకూడదని కూడా ఆమె షరతు. "ఏమీ కాదులే" అనుకోవడం కూడా మళ్ళీ చూడడంలాంటిదేనట. కారితే కారనీ అనుకుని కూర్చోవాలి. కూర్చున్నాను. అరగంటకు డెబ్భై. ఇంకాసేపటికి యాభై. నలభై నిమిషాలకు ముప్పై. నేనేమీ చెయ్యలేదు. అదే దిగింది.

నాకు ఆనందం రాలేదు, కోపం వచ్చింది. అది దానంతటదే దిగే భయమైతే పన్నెండేళ్ళు దాన్ని దిగనివ్వకుండా మేపింది ఎవరు? నేను, నా చేతులు, మీ గోడ మీది ఎర్రరంగు అక్షరాలు.

3,219వ పూట. చూసినవి: 36

డాక్టరమ్మ కొర్లయ్యను కూడా పిలిచింది. నేను అడిగినప్పుడల్లా "ఏసినావు" అనడం నాకు మందు కాదు, మేత అని చెప్పింది. ఇకనుంచి జవాబు చెప్పొద్దు, నాకు తెలీదు అనాలంది. కొర్లయ్య తలగోకుని, ఆలిని ఏడిపించమంటావా అమ్మా అన్నాడు. కొన్నాళ్ళు అంతేనయ్యా అంది ఆమె.

ఈ పూట అన్నం దగ్గర మొదలైంది.

"తలుపేసేనా?"

"ఏటో, నాకు తెల్దు."

"సూడలేదేటి నువ్వు?"

"తెల్దే, రత్నం."

కంచం తోసేశాను. నోటికొచ్చినట్టు తిట్టాను. అతని అమ్మను, అక్కను, కోతకత్తినీ కూడా వదల్లేదు. అతను పులుసు కలుపుకుంటూ కూర్చున్నాడు. కలుపుతున్నాడే గాని ముద్ద నోట్లో పెట్టలేదు. కాసేపటికి నేనే కంచం లాక్కుని తిన్నాను. లేవలేదు. తొంభై నుంచి నలభైకి దిగేదాకా తింటూనే ఉన్నాను. ఈ పూట ఇద్దరం తినాల్సిన అన్నం నేనొక్కదాన్నే తినేశాను.

3,226వ పూట. చూసినవి: 19

తలుపు దగ్గర తగ్గించడం మొదలుపెట్టాను. ముందు డాక్టరమ్మ ఒక మాట అడిగింది: ఈ ఊరు కట్టినవాళ్ళు ఎన్నిసార్లు చూడమన్నారు? నీ భయం ఒకసారి చాలదంటుంది, నా నోరు చాలు అనడానికి నేనేమీ ఇంజనీర్ను కాదు, పుస్తకం చూసుకో అంది. అది నాకు నచ్చింది. గిడ్డంగిలో మూలనున్న పెట్టెలోంచి కట్టినవాళ్ళ పుస్తకం తీసి చదివాను. ఇలా ఉంది: ఎనిమిది కడ్డీలనూ వరసగా, చేత్తో తాకి, అంకె పైకి చెప్తూ, ఒకసారి. మళ్ళీ చూడమని ఎక్కడా లేదు. అది మీరు పెట్టింది.

కాబట్టి పెద్దలకు తెలియజేయునది ఏమనగా, తూర్పు తలుపు కాపలా మనిషి మైలపల్లి నూకరత్నం మీ రూలును తెలిసే దాటుతోంది. పొరపాటున కాదు.

3,231వ పూట. చూసినవి: 38

ఈ పూట పాడైపోయాను. చేలో ప్రవాహం ఎక్కువగా ఉండి, కోతవాళ్ళు తడబడుతూ నీటి గదిలోకి వచ్చారు. ఆ చప్పుడు వినగానే నాకు భయం ముందే అరవై. చూపులు పంతొమ్మిది నుంచి మళ్ళీ ముప్పై ఎనిమిదికి. అందరికీ రెండేసి సిలిండర్లు ఉన్నాయి కాబట్టి సరిపోయింది. అయినా వాళ్ళు చలికి వణుకుతూ బయటికొచ్చారు.

డాక్టరమ్మ మీద కేకలేశాను. నీ చదువు పనికిరాదు, నువ్వు పైన ఊళ్ళలో మెత్తటి కుర్చీల్లో కూర్చునేవాళ్ళకు చెప్పేవి ఇక్కడ చెప్తున్నావు, ఇక్కడ తప్పు చేస్తే ఊరు మునిగిపోతుంది అన్నాను. ఆమె అంతా విని, నువ్వు చెప్పేదాంట్లో సగం నిజముందమ్మా అంది. పైన కూర్చునేవాళ్ళకు తప్పు జరిగితే కుళాయి కారుతుంది, నీకు ఊరు. అందుకనే నీకు నిజంగా చూసే చూపు ఒకటి కావాల, గుడ్డి చూపులు నలభై కాదు అంది. తర్వాత నా పుస్తకం ముందు పెట్టి, మొన్నటిదాకా వేసిన అంకెలు చూపించింది. "ఒక దినం ఎక్కింది, అంతే కదా. రేపు ఎంతకు దింపుతావు?"

ఇరవై అన్నాను. ఇంత కోపంలో కూడా నా నోటికి అంకె వచ్చింది. బయటికొచ్చాక నాకే నవ్వొచ్చింది.

3,248వ పూట. చూసినవి: 1

ఒకటి.

ఎనిమిదింటినీ తాకాను, అంకెలు పైకి చెప్పాను. ఒకటి చల్లగా ఉంది, రెండు చల్లగా ఉంది, మూడోదానికి నూనె అంటుకుని ఉంది, ఆరోదానికి తుప్పు. ఎనిమిది. మీట నొక్కాను. తొంభై. మోటారు తిరుగుతున్నంతసేపూ చేతులు చంకల్లో పెట్టుకుని నిలబడ్డాను, లేకపోతే అవే కడ్డీల మీదికి పోయేట్టున్నాయి. పన్నెండు నిమిషాలూ నిలబడ్డాను. లోతలుపు తీసేటప్పటికి డెబ్భై ఉంది. డెబ్భై ఉండగానే తీశాను. భయం పోయాక తలుపు తియ్యాలని రూలేమీ లేదు.

కొర్లయ్య బయటికొచ్చి గోడ మీది గడియారం చూశాడు. ఇంకోసారి చూశాడు. నా నెత్తి మీద తన తడి చెయ్యి పెట్టి ఇంటికి వెళ్ళిపోయాడు. సాయంత్రం వీధి కుళాయి దగ్గర ఉత్తరపు తలుపు కాసే అప్పాయమ్మ నన్ను పక్కకు లాగి, ఒక్కసారే చూశావట, నిజమేనా అని గొంతు తగ్గించి అడిగింది. నిజమే అన్నాను. ఆమె తన చేతులు చూపించింది. తడిమి తడిమి వేళ్ళ చివర్లు కందిపోయి ఉన్నాయి. ఆమెకు రెండు కడియాలున్నాయి.

3,255వ పూట. చూసినవి: 1

పున్నమి వెళ్ళింది. పెద్దలు పుస్తకం చదివారు.

ఈ మధ్యాహ్నం దానయ్య మావ ఒక్కడే నా గదికి వచ్చాడు. సంఘానికి చెప్పకుండా వచ్చానన్నాడు. ఆయన భార్య పోలేశ్వరి పడమటి తలుపు దగ్గర పోయిన పంతొమ్మిది మందిలో ఒకత్తె. ఆయన చేతిలో ఒక కాగితం ఉంది. అనుమానం వస్తే మళ్ళీ చూస్తానని రాసి సంతకం పెట్టమన్నాడు. పెడితే ఇప్పటిదాకా రాసినవి సంఘం మర్చిపోతుందన్నాడు. పెట్టనన్నాను. పెట్టకపోతే తలుపు కాపలా పోతుందన్నాడు. పోనీ అన్నాను, కానీ చెయ్యనిది చేస్తానని రాయను. డాక్టరమ్మ నా బుర్ర పాడుచేసిందన్నాడు. పాడుచేసింది మనం మావా, ఆవిడ బాగుచేస్తోంది అన్నాను.

ఇంతలో కోతవాళ్ళు వచ్చారు. ఆరుగురు. ఆఖరున కొర్లయ్య. బయటి తలుపు పడింది. చక్రం తిప్పాను. మావ నా వెనకాలే నిలబడ్డాడు.

ఒక్కొక్కటీ తాకాను, పైకి చెప్పాను. ఎనిమిది. మీట మీద చెయ్యి పెట్టాను.

"మళ్ళీ సూడు," అన్నాడు మావ.

నా వేలు ఆగిపోయింది. నిజం చెప్తాను, ఆ మాట బయటినుంచి వచ్చిందో నా లోపలినుంచి వచ్చిందో ఒక్క క్షణం తెలియలేదు. రెండూ ఒకే గొంతుతో మాట్లాడాయి. తొంభై అయిదు.

"సూడను," అన్నాను. "సూసేసినాను."

"సంఘం పెద్దగా సెప్తన్నాను. మళ్ళీ సూడు."

"మావా, పడమటి తలుపు కాడ పంతొమ్మిది మంది ఒక్కసారి సూసినందుకు పోలేదు. ఒక్కసారీ సూడనందుకు పోయేరు. నాను సూసినాను."

మీట నొక్కాను. మోటారు మొదలైంది.

మావ నన్ను తోసుకుని కడ్డీల మీద పడ్డాడు. ఒకటో దాన్ని తడిమాడు, రెండోదాన్ని తడిమాడు, నాలుగో దాని దగ్గర లెక్క తప్పి మళ్ళీ ఒకటికి వచ్చాడు. ఆ తడిమే తీరు నేను గుర్తుపట్టాను. అది కొత్తగా తడిమే చెయ్యి కాదు. వేళ్ళ చివర్లు కందిపోయి ఉన్నాయి. ఎన్నేళ్ళనుంచి తడుముతున్నాడో, ఏ గోడలు, ఏ గడియలు, ఏ గాలి బిలాలు తడుముతున్నాడో నాకు తెలీదు. ఊళ్ళో ఎవరికీ తెలీదు. పెద్ద కదా, ఎవరడుగుతారు. భార్యను ఒకసారి నీళ్ళు తీసుకుపోతే ఆ తర్వాత ఆయన ఊరు మొత్తానికీ తన జబ్బే రూలుగా రాసిపెట్టాడు. చెడ్డతనంతో కాదు. అందరం బతకాలని. మేమూ దాన్ని ఎర్రరంగు పూసి నెత్తిన పెట్టుకున్నాం.

నేను ఆయన చెయ్యి పట్టుకుని కడ్డీ మీదినుంచి తీశాను. సంఘం పెద్ద చెయ్యి పట్టుకున్నానని రాసుకోండి. విదిలించుకోబోయాడు. వదల్లేదు.

"సూడకు మావా. నిలబడు. ఇది ఎక్కుతాది, తర్వాత దిగుతాది. నాను నీ పక్కనున్నాను."

"ఊరు మునిగిపోతాదే."

"మునిగితే ఇద్దరం మునిగిపోదాం. నిలబడు."

పన్నెండు నిమిషాలు నిలబడ్డాం. ఆయన గుండె కొట్టుకోవడం నా చేతికి తెలుస్తూనే ఉంది. మధ్యలో రెండుసార్లు ఆయన చెయ్యి కడ్డీల వైపు పోయింది, రెండుసార్లూ పట్టి ఆపాను. ఒకసారి నా చెయ్యి కూడా పోయింది, ఆయనే ఆపాడు. నీటి గదిలో నీళ్ళు చివరికంటా పోయిన చప్పుడు వినబడింది. లోతలుపు తీశాను. ఆరుగురూ బయటికొచ్చారు. చలికి ఎవరూ వణకలేదు. కొర్లయ్య మమ్మల్ని చూశాడు, చేతులు పట్టుకుని నిలబడ్డ ఇద్దర్నీ, నాచు మూట దించాడు.

మావ తన చెయ్యి విడిపించుకుని, తల వంచుకుని వెళ్ళిపోయాడు. కాగితం నేల మీద పడేసి పోయాడు. తడిసి ముద్దయింది.

పూట లేదు.

ఈ ఉదయం సంఘం తీర్పు వచ్చింది. పెద్ద మాట వినకుండా మీట నొక్కినందుకు, పెద్దను చెయ్యి పట్టి ఆపినందుకు నన్ను పదిహేను రోజులు తలుపు మీదినుంచి తీసేశారు. కింద దానయ్య మావ సంతకం. దాని కింద నేను రాశాను: "శిక్ష అనుభవిస్తాను. తప్పని ఒప్పుకోను. పదహారో రోజున వచ్చి ఒక్కసారే చూస్తాను. నూకరత్నం." కాగితం తెచ్చిన మనిషి అది చదివి, నేను నవ్వుతానేమోనని నా ముఖం చూశాడు. నవ్వలేదు.

తూర్పు తలుపుకు పదిహేను రోజులూ అప్పాయమ్మను వేశారు. ఆమె పొద్దున నా ఇంటికి వచ్చి, కట్టినవాళ్ళ పుస్తకం అడిగి పట్టుకెళ్ళింది. ఏమి చేస్తుందో అడగలేదు. అది ఆమె తలుపు, ఆమె చేతులు.

మధ్యాహ్నం డాక్టరమ్మ దగ్గర నా వంతు. తలుపు పోయిందని మానేస్తానా? ఇంట్లో గాలి బిలం ఇంకా మిగిలే ఉంది, దాని దగ్గర నేనింకా నాలుగు చూపుల్లో ఉన్నాను. పైగా పదిహేను రోజులు ఇంట్లో కూర్చుంటే అది నన్ను పట్టుకుంటుందని నాకు తెలుసు. వెళ్ళాను.

గది బయట బల్ల మీద దానయ్య మావ కూర్చుని ఉన్నాడు. తువ్వాలు నెత్తి మీదుగా ముఖానికి లాక్కుని, గోడ వైపు తిరిగి. ఎవరైనా అడిగితే చెవిపోటని చెప్పేట్టు ఒక చెవి చేత్తో మూసుకుని కూర్చున్నాడు. నన్ను చూసి లేవబోయాడు. లేవలేకపోయాడు.

నేను పక్కన కూర్చున్నాను. తలుపు మీదినుంచి నన్ను తీసేశాడన్న కోపం నాకు పోలేదు, పోయిందని అబద్ధం రాయను. పోలేశ్వరత్తను తలుచుకున్నాను. లోపలినుంచి డాక్టరమ్మ, వచ్చేవాళ్ళు రండి అని కేకేసింది.

"నువ్వెల్లు," అన్నాడు మావ. "నీ వంతు."

"నాకు పదిహేను రోజులు పని లేదు మావా. నువ్వే కదా తీసీసినావు. నువ్వెల్లు."

ఆయన తువ్వాలు తీసి చేతిలో నలిపాడు. లేచి నిలబడి గుమ్మం దాకా వెళ్ళి ఆగాడు. నా వైపు తిరక్కుండానే అడిగాడు.

"నొప్పెడతాదేటి?"

"పెడతాది," అన్నాను. "ఎల్లు."